మందునకు మందు విరోధమగుట

పాలును చేపలును నొకపూట తినరాదని మన యిండ్లలో పెద్దలు చెప్పుట కలదు. కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో నీ నియమమును పాటించు ముత్తైదువ లింకను పెక్కుమంది గలరు. దీనికే ఆయుర్వేదము విరుద్ధాహారమని పేరిడినది. పాలు మంచివే, చేప మంచిదే, రెండును గలసినచో కీడని దాని తాత్పర్యము. పాలు చేపల విషయమున నా మాట యెంతవరకు నిజమో మేమిచ్చట విచారింపబోము. అయితే వేఱువేఱుగా హితమైనవి యొక్కచోట జేరి యహితమగు ననెడి తలంపు, క్యాన్సరు చికిత్సకు వాడు మందుల విషయమున అక్షరాల సత్యము. ఒకమందు మఱియొకమందు పనిని చెఱచును. లేదా దాని వేగమును మితిమీరి పెంచును. రెండును ప్రమాదమే.

ఈ సంగతిని మేమీ నెల యెత్తికొనుటకు హేతువు గలదు. ఏలూరునుండిగాని తాడేపల్లిగూడెమునుండిగాని క్యాన్సరు రోగి చికిత్సకై విజయవాడకో, గుంటూరునకో, విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోవును. అచ్చట నొకదినము సెలైను సీసాతో మందెక్కించుకొని, మఱునాడు రైలెక్కి యింటికి వచ్చును. చాల చికిత్సలలో మఱల పిలుపు మూడువారములకు. ఆ యిరువది దినములును రోగిని కనిపెట్టియుండునది డాక్టరు కాదు, ఇల్లాలు. ఒళ్లు వెచ్చబడినచో మాత్ర యిచ్చునది యామె. నోరు పూసినచో మందు రాయునది యామె. నీరసించినచో బలమునకు టానికు తెప్పించునది యామె. ఆసుపత్రిలో నే మందు దేనికి పడదో చూచుకొనుటకు డాక్టరులు, నర్సులు, మందుల నిపుణులు గలరు. ఇంటిలో చూచుకొనువా రెవ్వరు?

ముందుగా నొక ప్రశ్న. ఒక్క రోగమునకు ఇన్ని మందు లెందులకు? క్యాన్సరనగా శరీరములోని కణములే కట్టుదప్పి, ఎడతెగక పెరుగుట. ఒక్కమందు నిచ్చినచో పెక్కు కణములు చచ్చును గాని, కొన్ని బ్రతికిపోయి, ఆ మందునకు లొంగని సంతతిని పెంచును. క్షయరోగము విషయమున వైద్యు లీ పాఠమును ముందే నేర్చియుండిరి. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అను డాక్టరులు, రక్తక్యాన్సరు తగిలిన పిల్లలకు నాలుగుమందుల నొక్కసారిగా నిచ్చి చూచిరి. ఒక్కొక్కమందుచే నెలలు మాత్రమే గడపుచుండిన పిల్లలలో కొందఱు సంవత్సరములు గడపిరి. ఆ మార్గముననే సాగి, నేడు మంచి వసతులుగల ఆసుపత్రులలో పిల్లలకు వచ్చు రక్తక్యాన్సరులో పెద్దభాగము పూర్తిగా కుదురుచున్నది. కాబట్టి పలుమందులు వాడుట తప్పు కాదు, అదియే బలము. ఆ బలమున కొక ధర గలదు. నలుగురు పాలేళ్ల నొకచేనికి పంపినప్పుడు ఎవరే గట్టున నేవేళ పనిచేయవలయునో చెప్పకున్నచో ఒకరి కొడవలి యొకరికి తగులును గదా!

ఈ కథలో నొక ముఖ్యమైన యంకము మన కొల్లేటి పొరుగుననే యారంభమైనది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరిలో భీమవరమున జన్మించిరి. ఆకివీడు దాటినచో భీమవరమెంతో దూరము లేదు. నేడది పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. వారి సోదరు లిద్దఱు స్ప్రూ అను ప్రేగువ్యాధిచే మరణించిరి. మనవారు సంగ్రహణి యనునది యిట్టిదే. తిన్నది వంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కృశించిపోవును. సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు పరిశోధించి, 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనశాలకు పోయిరి. అచ్చట వారి బృందము 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ రోగమున క్షీణించిన రక్తమును మఱల పట్టించునది.

ఫోలిక్ ఆమ్లమన నెవరికి తెలియదు? గర్భిణికి సర్కారువా రిచ్చు ఎఱ్ఱమాత్రలో ఇనుముతో కూడ నుండునదే యిది. దాని జాడను మొదట పట్టినది యొక స్త్రీ యని మన పాఠకురాండ్రకు చెప్పుట మాకు సంతోషము. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి నగరమున నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల పాండురోగమును పరిశీలించి, ఈస్టుసారములో దానిని కుదుర్చు పదార్థమేదియో కలదని 1931లో ప్రకటించిరి. పిమ్మట 1941లో అమెరికాలో పాలకూరనుండి దానిని వేఱుపఱచి, ఆకు అను లాటిను మాటనుబట్టి ఫోలిక్ అని పేరిడిరి.

మంచిది. రక్తమును పట్టించు విటమిను రక్తక్యాన్సరు రోగికి మేలుచేయు నని తోచుట సహజమే. బోస్టను నగరపు పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను డాక్టరు ఆ జాతి పదార్థములను రోగులకిచ్చి చూడగా, రోగము తగ్గుటకు మాఱు వేగము హెచ్చినట్లు కానవచ్చెను. బిడ్డకు పెట్టిన యన్నము దొంగ తిన్నట్లయ్యెను. దానినుండి ఫార్బరు తలక్రిందుగా నాలోచించిరి: ఫోలిక్ ఆమ్లము పెంచుచున్నచో, దానిని అడ్డగించునది తగ్గింపవలయును గదా! లెడర్లీలో సుబ్బారావుగారి బృందము అట్టి విరోధిపదార్థములను తయారుచేసి పంపినది. వానిలో అమినొప్టెరిన్ అనుదానిని 16 మంది పిల్లల కీయగా 10 మందికి గుణము కనబడినదని 1948 జూనులో ఫార్బరు ప్రకటించిరి. ఆ గుణము చిరకాలము నిలువలేదు. అయినను పిల్లల రక్తక్యాన్సరు ఒక మందునకు వెనుకంజ వేయుట లోకమున కదియే తొలిసారి చూచుట. రెండునెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున గతించిరి.

అమినొప్టెరిన్‌నకు తోబుట్టువైన మెథొట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. స్త్రీలకు దీనితో ప్రత్యేక సంబంధము గలదు. గర్భమునకు పిమ్మట మాయనుండి పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరు పూర్వము యౌవనవతులను నెలలలో బలిగొనుచుండెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను డాక్టరులు మెథొట్రెక్సేటుచే అది కుదురునని చూపిరి. గడ్డకట్టిన క్యాన్సరు ఒక మందుచే పూర్తిగా మాయమగుట కదియే తొలి నిదర్శనము.

ఇందలి కిటుకు సులభమే. కణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. అది తాళపుచెవి. మెథొట్రెక్సేటు చూపునకట్టిదే యైన నకిలీచెవి. తాళములో దూరును గాని తిరుగదు, అసలుచెవిని దూరనీయదు. వేగముగా చీలెడి క్యాన్సరు కణములు దానిచే ముందు నశించును. కాని నోటిపొర, ప్రేగులపొర, ఎముకల మూలుగ, వెండ్రుకల కుదుళ్లు కూడ వేగముగా చీలెడివే. కాబట్టి వానికిని దెబ్బ తగులును.

దెబ్బతినిన మంచికణములను కాపాడుటకు వైద్యులు ల్యూకోవొరిన్ అను మందు నిత్తురు. ఇది ఫోలిక్ ఆమ్లపు మఱియొక రూపము. తాళముతో పనిలేకయే లోపలికి పోగలదు. పెద్దమోతాదున మెథొట్రెక్సేటు ఎక్కించినప్పుడు సుమారు ఒకదినము గడచినపిదప దీనిని మొదలిడి, గంటలు లెక్కించుచు, రక్తములో మందెంత మిగిలియున్నదో పరీక్షించుచు ఇత్తురు. ముందుగా నిచ్చినచో క్యాన్సరు కణములును బ్రతికిపోవును. ఆలస్యముగా నిచ్చినచో రోగి ప్రాణమునకే ముప్పు. ఇదే ల్యూకోవొరిన్‌ను పెద్దప్రేగు క్యాన్సరునకు వాడు ఫ్లూరోయురాసిల్ అనెడి మందుతో కలిపి యిచ్చినచో దానికి విరుగుడు గాక బలము చేకూర్చును! ఊపిరితిత్తుల క్యాన్సరునకు వాడు పెమెట్రెక్సెడ్ అను మందుతో ఫోలిక్ ఆమ్లమును ప్రతిదినము మ్రింగుమని డాక్టరే వ్రాసియిచ్చును. ఒక్క విటమినే ఒకచోట శత్రువు, ఒకచోట రక్షకుడు, ఒకచోట సహాయుడు. కావున ఈ మందు మంచిదా చెడ్డదా యని యడుగుట నిరర్థకము. దేనితో, ఏ వేళ, ఎంత యని యడుగవలయును.

వరుస మాఱినంతనే ఫలము మాఱుట కింకొక యుదాహరణము పిల్లల రక్తక్యాన్సరులో గలదు. ఆస్పరాజినేస్ అను మందు కణములకు తిండి లేకుండ మాడ్చును. దానిని మెథొట్రెక్సేటునకు ముందిచ్చినచో, ఆకలిగొన్న కణములు చీలుట మాని పడియుండును. చీలుచున్న కణములనే చంపు మెథొట్రెక్సేటున కప్పుడు చేయుటకు పని యుండదు. మెథొట్రెక్సేటు నిచ్చి ఒకదినము గడచినపిదప ఆస్పరాజినేస్ నిచ్చినచో రెండును ఒకదాని కొకటి తోడుపడును. డాక్టరు ఈ వేళనే రమ్మనెను, మఱునాడు వచ్చిన నేమని రైలు తప్పించుకొనువారు ఈ మాటను గమనింతురు గాక.

స్త్రీల క్యాన్సరులలో నీ వరుస పట్టింపు మఱింత కానవచ్చును. అండాశయపు క్యాన్సరునకు పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్ అను రెండు మందుల నిచ్చునప్పుడు పాక్లిటాక్సెల్ ముందు నడువవలయును. సిస్‌ప్లాటిన్ ముందు పోయినచో రెండవది శరీరమునుండి త్వరగా వెడలక, రక్తకణములు మఱింత పడిపోవును. రొమ్ము క్యాన్సరునకు ఆసుపత్రులలో ఎఱ్ఱమందని పేరుపడిన డాక్సోరూబిసిన్ గుండెను కొంత నొప్పించునది. ట్రాస్టుజుమాబ్ అను మందునకును గుండెమీదనే దెబ్బ. 2001లో ప్రకటితమైన యొక పెద్ద పరిశీలనలో ఈ జాతి ఎఱ్ఱమందును సైక్లోఫాస్ఫమైడును తీసికొన్నవారిలో నూటి కెనిమిదిమందికి గుండెబలము తగ్గగా, వానితో ట్రాస్టుజుమాబును కలిపి తీసికొన్నవారిలో నూటికి 27 మందికి తగ్గెను. అప్పటినుండి సాధారణముగా నొకటి ముగిసినపిదపనే రెండవది మొదలిడుచున్నారు. మఱల, టమాక్సిఫెన్ అను మాత్రను కీమో జరుగుచుండగా మ్రింగుటకంటె అది ముగిసినపిదప మొదలిడుటయే మేలని, ముట్లుడిగిన సుమారు పదునైదువందలమంది స్త్రీలను పరిశీలించి అమెరికా వైద్యులు 2009లో ప్రకటించిరి. మాత్ర నేడే యెందుల కీయలేదని డాక్టరును తప్పుపట్టు బంధువులకు ఇది సమాధానము.

ఇంతవరకు డాక్టరుల చేతిలోని సంగతి. ఇక మన చేతిలోనిది.

కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱులెన్నియో వచ్చి పడును. నీరు సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరే దారి. ఉప్పుటేరు పూడియున్నయేడు ఎగువ వాన సామాన్యముగా కురిసినను లంకగ్రామములు మునుగును. శరీరములో మెథొట్రెక్సేటునకు ఉప్పుటేరు మూత్రపిండములు. ఒంటినొప్పులకు, తలనొప్పికి మనము వెనుకముందు చూడక మ్రింగెడి ఆస్పిరిను, ఐబూప్రొఫెను, డైక్లోఫెనాకు మాత్రలు ఆ దారిని ఇఱుకు చేయును. డాక్టరు కొలిచియిచ్చిన మోతాదే లోపల నిలిచిపోయి విషమగును. ఎసిడిటీకని యింటింట వాడు ఒమిప్రజోల్, పాంటాప్రజోల్ మాత్రలును పెద్దమోతాదు మెథొట్రెక్సేటు వెడలుటను ఆలస్యము చేయగలవు. ఇవే మాత్రలు, ఊపిరితిత్తుల క్యాన్సరునకు వాడు ఎర్లోటినిబ్ వంటి మాత్రలు కడుపులో కరగి రక్తములోనికి పోవుటను తగ్గించును; ఆ మాత్ర కఱగుటకు కడుపులో పులుపు కావలయును. గ్యాసుమాత్ర మందే కాదన్నట్లు డాక్టరునకు చెప్పక దాచువారు మనలో నెందఱో! విరేచనములకో మూత్రములో మంటకో మందులషాపులో నడిగి తెచ్చుకొను కోట్రిమాక్సజోల్ మఱింత ప్రమాదము. అదియు ఫోలిక్ ఆమ్లమునకు విరోధియే గనుక మెథొట్రెక్సేటుతో జేరి మూలుగను ఎండగట్టును. కొందఱు పిల్లలకు డాక్టరులే దీనిని లెక్కతో నిత్తురు. ఎఱిగి యిచ్చుట వేఱు, ఎఱుగక మ్రింగుట వేఱు.

మూత్రపిండములు ఉప్పుటేరైనచో కాలేయము వంటయిల్లు. కొన్ని మందులు అచ్చట పక్వమైనగాని పనికిరావు. టమాక్సిఫెన్ అట్టిది. దానిని పక్వముచేయు పదార్థమును, దిగులునకును ఒంటి ఆవిరులకును ఇచ్చు పారోక్సెటిన్ అను మాత్ర అడ్డగించును. అందుచే డాక్టరులు టమాక్సిఫెన్ వాడు స్త్రీకి వేఱొక మాత్ర నెన్నుకొందురు. మఱికొన్ని మందులు అచ్చటనే నశింపవలయును. గెర్ట్రూడ్ ఎలియన్ అను అమెరికా విదుషీమణి, జార్జి హిచింగ్సుతో గూడి, మెర్కాప్టోప్యూరిన్ అను రక్తక్యాన్సరు మందును కనుగొనిరి. అది శరీరములో త్వరగా చెడిపోకుండుటకై వెదకుచు వారు అల్లోప్యూరినాల్‌ను తయారుచేసిరి. చిత్రమేమన, అది కీళ్లలో యూరిక్ ఆమ్లము చేరి కలుగు గౌటునకు మేలైన మందుగా ప్రసిద్ధమయ్యెను. 1988లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఈ రెండు మందులు కలిసినప్పుడు మెర్కాప్టోప్యూరిన్ మోతాదును మూడవవంతునకో నాలుగవవంతునకో దింపనిచో మూలుగ చెడును. తాతగారి కీళ్లమాత్ర మనుమని మందుపెట్టెలో కలిసిన నేమి యనువారికి ఇది చాలును.

జపానులో 1993లో సోరివుడిన్ అను క్రొత్త మందు అక్కి పొక్కులకని వాడుకలోనికి వచ్చెను. క్యాన్సరునకు ఫ్లూరోయురాసిల్ జాతిమందులు వాడుచున్నవారికి దానిని గూడ నిచ్చిరి. అది కాలేయములో ఆ జాతి మందు నశించు దారిని పూర్తిగా మూసివేసెను. కొలదిదినములలో పదిమందికి మించి మరణించిరి, మందును వెనుకకు తీసికొనిరి. అక్కిమందునకును ప్రేగు క్యాన్సరునకును సంబంధమేమని యెవ్వరనుకొందురు?

పెరటిలోని పంపరపనస కూడ నిట్టిదే. దానిలోని కొన్ని పదార్థములు మందులను విఱిచెడి శక్తిని ప్రేగులలో అణచును. కొన్ని క్యాన్సరు మాత్రలు దానిచే రక్తములో మితిమీరును. తిప్పతీగ కషాయము త్రాగినవారిలో కొందఱికి కాలేయము చెడినదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. కీమో సాగుచుండగా కాలేయముతో నాటలాడరాదు. కూరలో వేయు పసుపునకు భయపడ నక్కఱలేదు. డబ్బాలలో నమ్ము పసుపుసారపు గొట్టములు వేఱు; వానిని డాక్టరు నడుగక వాడరాదు.

ఒక యింటిని మనస్సునకు తెచ్చుకొందము. తాడేపల్లిగూడెమున నొక యమ్మ రొమ్ముశస్త్రము జరిగి, కాపెసిటాబిన్ మాత్రలు పదునాలుగుదినములు మ్రింగి, ఏడుదినములు మానుచున్నది. ముఖము పాలిపోయినది. పొరుగింటి పిన్నిగారు ప్రేమతో రక్తము పట్టునని టానికు తెచ్చిరి. సీసామీద చిన్నయక్షరములలో ఫోలిక్ ఆమ్లమని యున్నది. కాపెసిటాబిన్ శరీరములో ఫ్లూరోయురాసిల్‌గా మాఱునది. ఫోలిక్ ఆమ్లము దాని ఘాటును పెంచును. వారము తిరుగకముందే నోరంతయు పూయును, విరేచనములు ఆగవు, అరచేతులు అరికాళ్లు ఎఱ్ఱబడి మండును. ఇంటివారందఱు కీమోను తిట్టుదురు. టానికునెవ్వరు తిట్టుదురు? ఆ యమ్మయే గుండెజబ్బునకు రక్తము పలుచబడు వార్‌ఫరిన్ మాత్ర కూడ వాడుచున్నచో సంగతి మఱింత విషమించును. కాపెసిటాబిన్ దాని పనిని పెంచి రక్తస్రావము దెచ్చును.

మా మాటలు చదివి భయపడి, డాక్టరు వ్రాసిన మందును తమంతట తాము మానివేయువా రుందురేమో! అట్లు చేయరాదు. కీళ్లవాతమునకు వారమున కొక్కసారి కొంచెము మెథొట్రెక్సేటు తీసికొనువారికి డాక్టరే ఫోలిక్ ఆమ్లమును వ్రాయును. అచ్చట అది కావలసినదే. మానుటయు, మొదలిడుటయు అడిగియే చేయవలయును.

డాక్టరునొద్దకు పోవునప్పుడు ఇంటనున్న మందులన్నిటిని, కషాయము సీసాతోను హోమియోపతి గుళికలతోను గూడ, ఒక గుడ్డసంచిలో వేసికొని పోవుట యుత్తమము. చీటి చాలదు. ఒకే మందు నాలుగు పేర్లతో అమ్ముదురు. డబ్బామీద కంపెనీ పెట్టిన పేరు వేఱు, అసలు మందుపేరు వేఱు. అసలు మందుపేరును చదువుట మన పని. గ్రామమున ఇంజక్షను చేయించుకొన్నచో దాని సీసా మూతిని పాఱవేయక సంచిలో నుంచవలయును. కీమో జరుగుచుండగా జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో మాత్రతో అణచి తెల్లవారువఱకు కూర్చుండక, చికిత్స చేయు ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేఱవలయును.

ఇంటిలో గర్భిణియైన కోడలికిచ్చు ఎఱ్ఱమాత్రలు, బడికి పోవు పిల్ల కిచ్చు నీలిమాత్రలు నున్నచో వానిని రోగి మందులపెట్టెకు దూరముగా వేఱొక అలమారలో నుంచవలయును. ఎఱ్ఱమాత్రయైనను నీలిమాత్రయైనను రెండింట నుండునది ఇనుమును ఫోలిక్ ఆమ్లమునే.